గొంగడి వీరుడికి పెట్టిన ముద్ద

పాల్వంచలో కంపెనీ క్వార్టర్లకు పోయే దారిలో నాకొక కిరాయి పుస్తకాల షాపు ఉండేది. షాపు అన్నానని పెద్దగా ఊహించుకోకండి. పంక్చర్ల దుకాణానికీ ఇస్త్రీ బండికీ మధ్య మిగిలిన సందుకు పైన రేకు కప్పి, మూడు వైపులా చెక్క అరలు కొట్టించాను. నేను లోపల కూర్చుంటే కస్టమర్ బయట నిలబడాలి. కస్టమర్ లోపలికి వస్తే నేను బయటికి రావాలి. రెండువేల సంవత్సరం దాటాక ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది, నవలలు అడిగే ఆడవాళ్లు తగ్గిపోయారు. ఆ తర్వాత షాపును నిలబెట్టింది ఒక్క గొంగడి వీరుడే.

గొంగడి వీరుడు ఒక వారపత్రిక వెనక పేజీలో వచ్చిన బొమ్మల కథ. నేను పుట్టకముందు మొదలై, నాకు మీసాలొచ్చాక ఆగిపోయింది. తల నుంచి మోకాళ్ల దాకా నల్ల గొంగడి, మెడలో గొర్రెల గంట, చేతిలో కర్ర. ముఖం ఏ వారమూ కనిపించదు. ఎక్కడ దొర కూలివాణ్ణి చెట్టుకు కట్టేసినా, ఎక్కడ జప్తుకొచ్చిన అమీను పేదవాడి దూడను తోలుకుపోతున్నా, ముందు పొదల్లోంచి గంట మోగేది. పేజీలో ఆ బొమ్మకు గీసిన పెట్టెలో బొమ్మలాయన గంట తప్ప ఇంకేమీ గీసేవాడు కాదు. చుట్టూ నలుపు, మధ్యలో గంట. వచ్చేది మంచివాడేనని తెలిసినా, ఆ పెట్టె దగ్గరికి వచ్చేసరికి చిన్నప్పుడు నా వీపు మీద చలి పాకేది.

మా నాన్న ఆ పేజీలు కత్తిరించి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి బైండ్లు చేసి పెట్టాడు. షాపు పెట్టినప్పుడు నాకు దక్కిన ఆస్తి అదే. మొదటి బైండు మాత్రం లేదు. అది ఎలా పోయిందో నేను చాలా రకాలుగా చెప్పాను. గోదావరి వరదలో కొట్టుకుపోయిందని ఒకరికి, మేక తిన్నదని ఒకరికి, అత్తారింటికి పోతూ ఒక పెళ్లికూతురు చీరల మడతలో పెట్టుకుపోయిందని ఇంకొకరికి. అసలు సంగతి చెదలు. కానీ చెదల గురించి వినడానికి ఎవడు ఆగుతాడు?

మొదటి బైండు లేదంటే వీరుడికి పుట్టుక లేదన్నమాట. వాడు ఎవరి కొడుకు, ఎందుకు కప్పుకున్నాడు, ఆ గంట ఎక్కడిది, ఏదీ ఎవరికీ తెలియదు. మిగిలిన బైండ్లన్నీ చదివినవాడు తప్పకుండా వచ్చి అదే అడిగేవాడు. అడిగినవాణ్ణి ఖాళీ చేతులతో పంపడం నా వల్ల కాదు. మనిషిని చూసి పుట్టుక చెప్పేవాణ్ణి.

కొత్తగూడెం నుంచి వచ్చే గని కార్మికుడికైతే, బొగ్గుబావిలో పైకప్పు కూలిన రోజు అందరూ చచ్చారనుకున్న షిఫ్టులో ఒకడు మాత్రం ఏదో బొరియ పట్టుకుని అడవిలో తేలాడని, ముఖానికి పట్టిన నలుపు ఎంత కడిగినా పోక గొంగడి కప్పుకున్నాడని చెప్పాను. పవర్ హౌస్ షిఫ్టు వాళ్లకు బూడిద చెరువులోంచి లేచి నడిచొచ్చాడన్నాను. తండా నుంచి వచ్చే బడి పంతులుకు, ఉప్పు మోసే ఎడ్ల బిడారులో పుట్టి దారిలో తప్పిపోయిన పిల్లవాడన్నాను. కృష్ణా వైపు నుంచి వచ్చి పత్తి వేసుకున్న రైతు ఒకాయనుండేవాడు. ఆయన కోసం వీరుడు కూడా మెట్ట దున్నుకోవడానికి బండి కట్టుకునే వచ్చాడు. అందరూ సంతోషంగానే పోయారు. వాడు తమవాడేనని ప్రతివాడికీ లోపల ఒక అనుమానం ఉంటుంది, నేను అవునన్నాను, అంతే.

చివర్న అందరికీ ఒకటే తాలింపు పెట్టేవాణ్ణి. వీరుడు చావలేదు, ములకలపల్లి అవతలి గుట్టల్లో ఉన్నాడు, మా మేనమామ కళ్లారా చూశాడు అని. మా మేనమామ జీవితంలో బస్టాండు దాటి అడవి వైపు పోయినవాడు కాదు.

ఇక్కడే మా బామ్మర్ది సంగతి చెప్పాలి. మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు. తల్లీతండ్రీ తొందరగా పోతే తనే చంకనేసుకుని పెంచింది, పెళ్లప్పుడు కట్నానికి బదులు వాణ్ణి వెంట తెచ్చుకున్నదని మా వాళ్లు ఎగతాళి చేసేవారు. సన్నగా, పొడుగ్గా, నోరు ఊరుకోని మనిషి. ఆ ఎండాకాలం ఒక కాంట్రాక్టరు వాణ్ణి తునికాకు కల్లేదారుగా పెట్టుకున్నాడు. గూడేల వాళ్లు తెల్లవారకముందే అడవికి పోయి బీడీల ఆకు తెంపి, కట్టలు కట్టి కల్లానికి తెస్తారు. కల్లేదారు కట్టలు లెక్కపెట్టి ఎండకు వరసలుగా పరిపిస్తాడు. కల్లం ములకలపల్లి దాటి లోపలికి, వాగు ఒడ్డున, ఒక గూడెం పక్కన. లెక్క అయ్యేదాకా జనం చెట్ల కింద కూర్చుని ఉంటారు. వాళ్లు తమలో తాము వాళ్ల భాషలో మాట్లాడుకుంటుంటే మావాడికి పొద్దుపోక, గొంగడి వీరుడి కథ ఎత్తుకున్నాడు.

వారాల కథలన్నీ అయిపోయాక వాళ్లలో ఒక పెద్దామె, వాడు ఎట్లా పుట్టాడని అడిగింది. మావాడు నా దగ్గర విన్న పుట్టుకల్లో ఒకటి తీసి, గుట్టమీద వాడు ఇంకా ఉన్నాడనే దాకా చెప్పేశాడు.

ఆ గూడెంలో ఒక పద్ధతి ఉంది. వాళ్ల వేల్పుల కథలు చెప్పేవాళ్లు వేరే ఉంటారు, గుడ్డ మీద బొమ్మలు చూపిస్తూ చెబుతారు. యుద్ధాలూ పెళ్లిళ్లూ ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. పుట్టుక మాత్రం ఊరికే చెప్పరు. ఎవరి పుట్టుక విన్నారో వాళ్లకు విన్నవాళ్లు ముద్ద పెట్టాలి. బొమ్మల కథకూ వేల్పు కథకూ తేడా ఏమిటో పెద్దామెకు తోచలేదు. ఇప్పుడు ఆలోచిస్తే నాకూ పెద్దగా తోచదు. మర్నాటి నుంచి సాయంత్రం ఇళ్లకు పోయేముందు, గుట్ట మొదట్లో ఉన్న చదును బండ మీద సత్తు గిన్నెలో జొన్నరవ్వ ఉడికించిన గట్క పెట్టి, పైన మోదుగాకు కప్పి పోవడం మొదలుపెట్టింది. గూడెమంతా వంతులు వేసుకున్నారు.

మావాడు ఆదివారం ఇంటికొచ్చి ఇది చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. గట్కలో ఉప్పు తక్కువైతే వీరుడు గంట మోగిస్తాడు జాగ్రత్త అన్నాను. తర్వాత మాటవరసకు, పొద్దున గిన్నె ఎలా ఉంటోందిరా అని అడిగాను.

ఖాళీగా ఉంటోంది అన్నాడు.

మా నవ్వు ఆగిపోయింది. ఆ రోజులు ఎలాంటివో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అడవిలో తుపాకులు పట్టుకున్న మనుషులు ఒక పక్క, వాళ్లను వెతికే పోలీసులు ఒక పక్క. మధ్యలో ఊళ్లు. అడవి లోపలివాళ్లకు అన్నం పెట్టడం పోలీసుల లెక్కలో అన్నిటికన్నా పెద్ద నేరం. పోలీసులతో మాట్లాడటం లోపలివాళ్ల లెక్కలో అంతకన్నా పెద్దది. అలాంటి కాలంలో అడవి అంచున రోజూ ఒక గిన్నెడు గట్క పెట్టి, పొద్దున ఖాళీ గిన్నె తెచ్చుకుంటున్నారు. కుక్కలు తింటున్నాయేమో బావా అన్నాడు మావాడు. ఎవరు తిన్నా సరే, రేపటి నుంచి పెట్టవద్దని చెప్పు అన్నాను. వాడు పెద్దామెను అడిగి చూశాడట. పుట్టుక విన్నాక ఆకలితో పండబెట్టడం కుదరదని చెప్పిందట.

తర్వాతి వారం ములకలపల్లి బస్సు కండక్టరు షాపు దగ్గర ఆగి, టికెట్లు కొడుతున్నట్టు చేతులవైపే చూసుకుంటూ, మా బామ్మర్దిని కల్లం నుంచి జీపులో ఎక్కించుకుపోయారని చెప్పాడు. గట్క గిన్నె గురించి మాట్లాడి పంపిస్తామన్నారట. మాట్లాడి పంపిస్తామని తీసుకుపోయినవాళ్ల గురించి ఆ రోజుల్లో మా దగ్గర ఎవరూ రెండో మాట అడిగేవారు కాదు.

మా ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. పొయ్యి మీది కూర దించి, నా వైపు తిరిగి మెల్లగా అన్నది.

"నీ గొంగడోడు నా తమ్ముణ్ణి మింగిండు. నువ్వే పొయ్యి తోలుకరా. తేకుంటే నువ్వు గూడ రాకు."

బైండ్లన్నీ సంచిలో వేసుకుని పోలీసు స్టేషనుకు బయల్దేరాను. బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. స్టేషను మెట్లెక్కే మనిషిని ఏ చెట్టు చాటు నుంచి ఎవరు చూసి గుర్తుపెట్టుకుంటారో తెలియదు. దిగాక గేటు ముందు నుంచి ఒకసారి నడుచుకుంటూ ముందుకు పోయాను, మళ్లీ వెనక్కి వచ్చాను. మూడోసారి లోపలికి తిరిగాను.

ఎస్సై కుర్రవాడు, ఈ ప్రాంతం వాడు కాదు. కోపంగా మాట్లాడితే కొంత ధైర్యం వచ్చేదేమో, నెమ్మదిగా మాట్లాడాడు. బైండ్లు ఒక్కొక్కటీ తిరగేశాడు. ఇందులో వాడు గుట్ట మీద ఉంటాడని ఎక్కడుంది అన్నాడు. లేదు సార్, అది నేను కల్పించింది అన్నాను. అయితే వాడి పుట్టుక నువ్వే చెప్పు అన్నాడు. లోపలి గదిలో మా బామ్మర్ది చెప్పింది ఆయన చేతిలో కాగితం మీద ఉంది.

నేను వాడికి ఏ పుట్టుక చెప్పాను? బొగ్గుబావా, బూడిద చెరువా, ఉప్పు బిడారా? నాలుగు ఊళ్లకు నాలుగు రకాలుగా చెప్పిన నోరు, ఇప్పుడు ఒక్కటి సరిగ్గా చెప్పమంటే పెగలడం లేదు. వాడు తమ్ముడిలాంటివాడు, వాడికి నేను ఏ కథ ఇచ్చి ఉంటానని వెతుక్కున్నాను. తల్లీతండ్రీ లేని పిల్లవాడు, అక్క పెంచింది అని మొదలుపెట్టాను. ఎస్సై కాగితం వైపు చూసి తలెత్తలేదు. గొర్రెలు కాసేవాడు అన్నాను. తలెత్తాడు.

"మీవాడు ఎడ్లు అన్నాడు."

ఎడ్లే సార్, గొర్రెలు తర్వాత కొన్నాడు అన్నాను. నా చెవులకే అది అబద్ధంలా వినిపించింది.

గోడ పక్కన నిలబడి ఉన్న హెడ్డు కానిస్టేబులు అప్పుడు గొంతు సవరించుకున్నాడు. రిటైరుమెంటుకు దగ్గరపడ్డ మనిషి. నా షాపుకు వచ్చి ఎప్పుడూ పుట్టుక అడగని కస్టమరు ఈయనొక్కడే. ఎందుకు అడగలేదో అప్పుడు తెలిసింది.

"సార్, గిది నిజంగనే బొమ్మల కత. మొదటి వారం నేను సదివిన, చిన్నగున్నప్పుడు. ఆయన మామూలు మనిషే సార్. చలిజరమొచ్చి గొంగడి కప్పుకుంటడు. వణుకుకుంట పోతుంటే దొంగలు చూసి దయ్యమని ఉరుకుతరు. గంతే."

అంతేనా అనిపించింది నాకు. లోపల నా బామ్మర్ది ప్రాణం ఊగిసలాడుతుంటే, ఇక్కడ నాకు వీరుడి తరఫున సిగ్గేసింది. ఇన్నేళ్లు గనులూ బిడారులూ తవ్వి తీసిన పుట్టుక మలేరియా జ్వరమా?

ఎస్సై మాత్రం కొంచెం మెత్తబడ్డాడు. బొమ్మల కథ అని నమ్ముతాను అన్నాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బొమ్మ గట్క తినదు కదా. తింటున్నదెవరు? అది తేలితే మీవాణ్ణి పంపిస్తా."

పొద్దున్నే చూద్దామన్నాడు. ముందు నేను నడవాలన్నాడు. ఎందుకు నేను ముందు అని అడగనక్కర్లేదు. ఆ బాటల్లో మందుపాతరలు పెడతారని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నన్ను వరండాలో కూర్చోబెట్టారు. లోపలి గదిలోంచి మావాడి దగ్గు వినిపించింది. దగ్గు వినిపించినంతసేపూ నయమే అనుకున్నాను.

వెలుగు రాగానే బయల్దేరాం. వాగు దాకా జీపులో, తర్వాత నడక. ఎండాకాలం అడవి ఎలా ఉంటుందంటే, కింద రాలిన ఆకు మీద ఉడుత పరిగెత్తినా మనిషి వస్తున్నట్టే ఉంటుంది. బాటలో కొత్తగా తవ్విన మట్టి కనిపిస్తే చెప్పమన్నాడు ఎస్సై. నాకు అంతా కొత్త మట్టిలాగే కనిపించింది. చెదల పుట్ట, ఎలుక బొరియ, అడవి పంది పెళ్లగించిన చోటు. ప్రతి అడుగు వేసేముందు కాలు గాలిలో ఒక క్షణం ఆగేది. నా వెనక కొంత దూరం వదిలి వాళ్లు వస్తున్నారు. ఆ దూరం ఎందుకు వదిలారో తెలిసినవాణ్ణి కనుక వెనక్కి తిరిగి చూడలేదు.

గుట్ట కనిపించే మలుపు దగ్గర పొదల్లో గంట మోగింది.

వెనక వాళ్లంతా ఒక్క దెబ్బన నేల మీద పడుకున్నారు. తుపాకులు సర్దుకున్న చప్పుడు విన్నాను. నిలబడి ఉన్నది నేనొక్కణ్ణే. చిన్నప్పటి నల్ల పెట్టె కళ్ల ముందుకొచ్చింది. ఇప్పుడు పొద పక్కకు తొలిగి, నేను నాలుగు ఊళ్లలో బతికించి తిప్పినవాడు నిజంగానే బయటికి వచ్చి నా ముఖం చూస్తాడు అనిపించింది. నిజం చెబుతున్నాను, తుపాకులకన్నా దానికే ఎక్కువ భయపడ్డాను. పొదలోంచి దూడ బయటికొచ్చి, మమ్మల్ని చూసి, తోక ఊపుకుంటూ పోయింది. వెనక ఎవరూ నవ్వలేదు.

బండకు కొంచెం దూరంలో రాళ్ల చాటున వాళ్లు ఆగారు. నువ్వు పోయి చూసి చెప్పు అన్నాడు ఎస్సై.

పోయాను. గిన్నె బండ మీద ఉంది. ఖాళీగా ఉండటం కాదు. కడిగి ఉంది. ఇసుకతో తోమి, కడిగి, నీళ్లు ఓడ్చేందుకు బోర్లించి ఉంది. మోదుగాకును నాలుగు మడతలు పెట్టి, ఎగిరిపోకుండా పైన రాయి ఉంచారు. గిన్నె అంచు కింద బండ ఇంకా తడిగా ఉంది. ఆ ఎండలో తడి ఎంతసేపు నిలుస్తుంది? కడిగిన మనిషి ఎక్కువ దూరం పోలేదు. నేను వాడి వైపు చూస్తున్నానో లేదో నాకు తెలియదు, వాడు మాత్రం నన్ను చూస్తూ ఉండాలి.

వీపు రాళ్ల వైపు, అంటే పోలీసుల వైపు ఉంది. ముఖం అడవి వైపు. ఆలోచించి చేశానని చెప్పుకోను. ఒంగి, గిన్నెను ఎత్తి బండ కిందికి దొర్లించాను. మడత పెట్టిన ఆకును నలిపి చీల్చాను. కూర్చుని, బండ పక్క మట్టిలో అయిదు వేళ్లూ పాతి గట్టిగా గీకాను, ఒకసారి ఇటు, ఒకసారి అటు. తడి మీద గుప్పెడు దుమ్ము పోశాను. లేచి, రాళ్ల వైపు తిరిగి అన్నాను.

"ఎలుగుబంటి, సార్."

వాళ్లు వచ్చారు. ఎస్సై గీతలవైపు చూశాడు. హెడ్డు కానిస్టేబులు గీతలవైపు చూశాడు, బండ మీది దుమ్మువైపు చూశాడు, తర్వాత నా గోళ్లలో ఇరుక్కున్న మట్టివైపు చూశాడు. ఆయన చూపు అక్కడ ఆగేసరికి వేళ్లు గుప్పిట్లోకి ముడుచుకున్నాను. తర్వాత ఆయన అడవి వైపు ఒకసారి చూసి, ఎస్సై వైపు తిరిగాడు.

"అవ్ సార్, ఎలుగే. ఇప్పపువ్వు అయిపోయింది గద, గట్కకు మరిగింది. ఇంక జల్దీ పోదాం సార్, అది మళ్లొస్తది."

వెనక్కి వచ్చేటప్పుడు కూడా నన్నే ముందు నడిపించారు. ఎందుకో ఈసారి మట్టివైపు చూడలేదు. వీపు మీద రెండు చూపులు ఆనినట్టు అనిపించింది, ఒకటి దగ్గరది, ఒకటి దూరానిది.

మధ్యాహ్నానికి మావాణ్ణి వదిలారు. ఒక చెంప వాచి ఉంది. బస్సులో వెనక సీటులో కూర్చున్నాం. ములకలపల్లి దాటి చాలా దూరం వచ్చాక, ముందు సీట్లు ఖాళీ అయ్యాక, వాడు నోరు తెరిచాడు.

"బావా, ఎలుగు గిన్నె బోర్లేస్తదా?"

నీకెప్పటి నుంచి తెలుసురా అన్నాను. మొదటి రోజు నుంచీ అన్నాడు. పొద్దున పెద్దామె వెంట గిన్నె తేవడానికి వాడే పోయేవాడట. రోజూ కడిగి బోర్లించే ఉండేదట.

"మరి వాళ్లకేం చెప్పినవ్?"

"ఖాళీగున్నదని చెప్పిన. ఎంత కొట్టినా గదే చెప్పిన. ఎట్ల పెట్టి ఉన్నదని ఎవరూ అడగలె."

ఇంటికి వచ్చాక మా ఆవిడ వాడి చెంప మీద చెయ్యి పెట్టి చూసింది, వేడి నీళ్లు కాచింది. ఎవరు తింటున్నారో తేలిందా అని అడిగింది. ఎలుగు అన్నాను. ఎలుగే అక్కా అన్నాడు వాడు. ఆమె మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, వేడి నీళ్లు దించడానికి పోయింది.

వాణ్ణి మళ్లీ కల్లానికి పంపలేదు. ఆకు లారీ డ్రైవరు చేత పెద్దామె ఒక మాట చెప్పి పంపింది. గూడెంవాళ్లు ఇప్పటికీ ముద్ద పెడుతున్నారట. కానీ మేము వచ్చిపోయిన రోజు నుంచి గట్క గిన్నెలో అలాగే ఉంటోందట, చీమలు పడుతున్నాయట. మీ వీరుడికి ఏం కోపమొచ్చిందో కల్లేదారును అడగమన్నదట.

నేనేం చెప్పను? పోలీసుల ముందు నడిచి ఆ బండ దగ్గరికి వచ్చినవాణ్ణి నేనే. గిన్నెను దొర్లించినవాణ్ణీ నేనే. అది తన కోసం చేశానని ఆ చెట్ల వెనక మనిషి అర్థం చేసుకున్నాడో, లేక దారి చూపించినవాడు వీడేనని నా ముఖం గుర్తుపెట్టుకున్నాడో. ఆ వానాకాలమంతా షాపు ముందు కొత్తవాడెవడైనా నిలబడి గొంగడి వీరుడి బైండు కావాలంటే, అరలో నుంచి తీయడానికి వెనక్కి తిరిగేవాణ్ణి కాదు. వాడి చేతుల మీదే కళ్లు పెట్టి, చెయ్యి మాత్రం వెనక్కి చాచి, తడుముకుంటూ తీసి ఇచ్చేవాణ్ణి.